ఆవరణలో చుట్టరికాలు లేవు

జూన్ 9
కొండ మీది వాతావరణ కేంద్రం

చెల్లీ,

ఈ ఉత్తరం కంటే ముందే మా పిట్ట పెట్టె సర్దుకుని నీ దగ్గరికి చేరి ఉంటుంది. మా జీపు డ్రైవరు కొండ దిగువదాకా దించాడు. అక్కణ్ణుంచి మా ఆఫీసు గుమాస్తా, ఆయన భార్య మీ ఊరే వెళ్తూ దాన్నీ వెంటబెట్టుకెళ్ళారు. స్కూలు గేటు దగ్గర వదిలిపెట్టమని చెప్పాను.

నేను రాలేకపోయాను. ఇక్కడ పరిశీలకులం ఇద్దరమే. మూడు గంటలకోసారి గాలి, వేడి, పీడనం చూసి కిందికి పంపాలి. ఒకరు కొండ దిగితే రెండోవాళ్ళకు నిద్ర ఉండదు. ఆ రెండో మనిషి మా ముసలాయన. పరికరాల కంటే తన మోకాలిని ఎక్కువ నమ్ముతాడు. అది సలిపితే వాన అంటాడు. ఒక్కోసారి నిజంగానే పడుతుంది, నాకు ఒళ్ళు మండేది అందుకే.

ఇక్కడి బడి ఐదో తరగతితో ఆగిపోతుంది. మీ బావ పోయాక పదకొండేళ్ళ పిల్లకు నేనూ, ముసలాయనా, ఆయన మోకాలూ తప్ప తోడు లేదు. మీ స్కూలు ప్రవేశ పరీక్ష అది తనంతట తనే రాసి గెలిచింది. అయినా నువ్వక్కడ ఉద్యోగంలో లేకపోతే పంపేదాన్ని కాదు.

ఒక సంగతి దానికి గట్టిగా చెప్పాను. స్కూల్లో పిన్ని ఉండదు, మేడమే ఉంటుంది, నలుగురి ముందూ కొంగు పట్టుకు తిరిగితే పిన్ని ఉద్యోగానికే ముప్పు అని. కాస్త కారం పూసే చెప్పాను, లేకపోతే దాని నోరు ఆగదు. వసపిట్ట అని పేరు పెట్టిందే నువ్వు.

దరఖాస్తులో గార్డియన్ దగ్గర నీ పేరు రాశాను. మనకింకెవరున్నారు?

అక్క


జూన్ 28
బాలికల హౌస్

అక్కా,

పిట్ట క్షేమంగా చేరింది. రెండో అంతస్తులో కిటికీ పక్క మంచం ఇచ్చాం. ఈ హాస్టల్‌కు హౌస్ మేడమ్‌ని కాబట్టి డార్మిటరీ చివర ఉన్న రెండు గదులు నావి. అంటే నా తలుపుకీ దాని మంచానికీ మధ్య ఒక నడవా ఉంది.

అంత దూరం పంపితే అక్కడ ఏం నేర్పుతారని నువ్వు అడిగావు కదా పోయినేడు. ఈతకొలను ఉంది. మేడ మీద టెలిస్కోపు ఉంది. లైబ్రరీ తాళాలు పిల్లల దగ్గరే ఉంటాయి, ఏ పుస్తకం పోయినా వాళ్ళే వెతుక్కోవాలి. భోజనం వడ్డించేది వాళ్ళే, తగాదాలు తీర్చేదీ వాళ్ళే. స్కూలు పరిచయ పుస్తకం మొదటి పేజీలో మూడు మాటలుంటాయి: తన పని తను చేసుకోవాలి, తన మాట తను చెప్పాలి, తన కాళ్ళ మీద తను నిలబడాలి. కొత్తగా చేరినప్పుడు చదివి నవ్వుకున్నాను. పన్నెండేళ్ళుగా చూస్తున్నాను, అబద్ధం కాదు.

ఉద్యోగుల పుస్తకంలో ఇంకో వాక్యం ఉంది: ఆవరణలో చుట్టరికాలు లేవు. దీనికి కారణం ఉంది. మూడేళ్ళ కిందట లెక్కల మాస్టారి కూతురు ఇక్కడే చదివేది. ఆ పిల్ల గదిలోకి వస్తే మిగతావాళ్ళు మాటలు ఆపేసేవాళ్ళు. అన్నీ నాన్నకు మోస్తుందని. ఆ పిల్ల చివరికి వేరే స్కూలుకు వెళ్ళిపోయింది. పిట్టకు ఆ గతి పట్టకూడదు.

మొదటి రోజు భోజనాల దగ్గర "పిన్నీ, ఇటు కూర్చో" అని కేకేసింది. బల్లంతా తిరిగి చూసింది. నేను మామూలు గొంతుతోనే "మేడమ్" అన్నాను. మళ్ళీ పొరపాటు చేయలేదు. నువ్వు ముందే చెప్పి పంపడం మంచిదైంది. తర్వాత నేనూ పిలిచి అదే చెప్పాను. ఇద్దరం ఒక్క మాట మీద ఉన్నాం కాబట్టి పిల్లకు తికమక ఉండదు.

చెల్లి


జూలై 20

చెల్లీ,

పిట్ట ఉత్తరాలు ప్రతి వారం వస్తున్నాయి. సరిగ్గా ఒక పేజీ. "మా స్కూల్లో ఈతకొలను ఉంది. మేడ మీద టెలిస్కోపు ఉంది. నేను బాగున్నాను." ముసలాయనకు చదివి వినిపిస్తే "కూతురు రాసిందా, మీ పరికరం రాసిందా" అన్నాడు. నవ్వాను గానీ, ఆయన అన్నదాంట్లో విషయం ఉంది. పీడనం ఇంత, వేడి ఇంత అన్నట్టే ఉంది ఆ రాత.

ఇక్కడున్నప్పుడు పళ్ళు తోముకుంటూ కూడా మాట్లాడేది. ఒకసారి నేను అంకెలు చూసుకుంటుంటే అడ్డొస్తోందని బయటికి పంపాను. కిటికీ అవతల నిలబడి చెప్పింది. నాకు వినిపించదని తెలిసీ చెప్పింది.

నేననుకునేదేమంటే, కబుర్లన్నీ నీ దగ్గర ఖర్చయిపోతున్నాయి, నాకు మిగతాది రాస్తోంది అని. సాయంత్రం పని ముగిశాక అది నీ గదిలో మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చోవడం, నువ్వు పేపర్లు దిద్దుకుంటూ ఊఁ కొట్టడం నాకు కనిపిస్తూనే ఉంది. ఆ బొమ్మ కళ్ళ ముందు పెట్టుకునే ఇక్కడ పని చేసుకుంటున్నాను. కొంచెం అసూయగా కూడా ఉంది. పిన్ని అంటే చిన్న తల్లేగా, ఫరవాలేదు.

ఉన్ని మేజోళ్ళు అల్లి పంపుతున్నాను. ఇవ్వు.

అక్క


ఆగస్టు 11

అక్కా,

మేజోళ్ళు అందాయి. నేను చేతికిస్తే నలుగురూ చూస్తారని పార్సిళ్ళ గదిలో పెట్టించాను. అందరితో పాటు వరుసలో నిలబడి తీసుకుంది.

మొన్న ఉపాధ్యాయుల సమావేశంలో పిట్ట పేరు ప్రత్యేకంగా చెప్పారు. కొత్తగా వచ్చినవాళ్ళలో అందరికంటే త్వరగా సర్దుకున్న పిల్ల అని. మా ప్రిన్సిపాల్ తల ఊపాడు. ఆయన తల ఊపడం అంటే ఇక్కడ పతకం ఇచ్చినట్టే, నవ్వితే సెలవు ప్రకటించినట్టు. నాకు గర్వంగా అనిపించింది, పైకి కనపడనివ్వలేదు.

మొదటి రెండు నెలలూ హౌస్ మేడమ్‌కు కష్టకాలం. బెంగ పెట్టుకున్న పిల్లలు వరసగా నా తలుపు తడతారు. ఒకతి వాళ్ళ కుక్క కోసం ఏడుస్తుంది, ఇంకొకతి ఎందుకు ఏడుస్తుందో తనకే తెలియదు. గదిలో కూర్చోబెట్టి వేడి పాలిస్తాను, జడ విప్పి మళ్ళీ వేస్తాను. కాసేపటికి తేరుకుని వెళ్తారు. ఈ ఏడు అలా రానిది మీ పిట్ట ఒక్కతే. ఒక్కసారి కూడా నా తలుపు తట్టలేదు. నీ పెంపకం గురించి ఇంతకంటే ఏం చెప్పను?

నువ్వు రాసిన మంచం, కాళ్ళు ముడుచుకోవడం చదివి నవ్వొచ్చింది. నా మంచం మీద ఉండేవి ఉతికిన దుప్పట్లు, దిద్దని పేపర్లు. నాకే చోటు చాలదు.

చెల్లి


సెప్టెంబర్ 14

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తలుపు తట్టలేదు అంటే తట్టకుండా లోపలికి వచ్చేస్తుందనే అర్థం చేసుకున్నాను. దానికి ఇక్కడా తలుపు తట్టే అలవాటు లేదు.

నెలాఖరున మీకు మూడు రోజులు సెలవిచ్చి హౌస్‌లు మూసేస్తారని పిట్ట రాసింది. నేను రాలేను. ముసలాయనకు కంటి ఆపరేషను, ఈ నెలంతా ఒంటరిగా చూసుకోవాలి. ఎలాగూ నువ్వే గార్డియన్‌వి కాబట్టి ఆ మూడు రోజులూ నీతో ఉంచుకో. ఊళ్ళోకి తీసుకెళ్ళి బూట్లు కొను, పాతవి కరుస్తున్నాయట. ఆవరణ దాటితే నువ్వు మేడమ్‌వి కావు కాబట్టి దాని నోటికి కాస్త సెలవు ఇచ్చినట్టు ఉంటుంది. నీకు చెవి నొప్పి వస్తే నాది పూచీ కాదు.

పోయిన వారం జీపులోనే దానికి ఉత్తరం వేశాను. పిన్ని నిన్ను తీసుకెళ్తుంది, సంచి సర్దుకుని ముందు హాల్లో కూర్చో అని.

ఇక్కడ నాలుగు రోజులుగా పొగమంచు. ఎదురుగా ఉన్న జెండా స్తంభం కూడా కనపడడం లేదు. ఈ ఉత్తరం ఎప్పుడు దిగుతుందో.

అక్క


అక్టోబర్ 6

అక్కా,

రెండు నెలలవుతోంది నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి. కొండ దారిలో మట్టి జారి జీపులు ఆగిపోయాయని పేపర్లో చూశాను.

అయినా ఒక మాట అడగకుండా ఉండలేను. సెలవుకు నువ్వే వచ్చావా, ఎవరినైనా పంపావా? మా మేట్రన్ రిజిస్టరులో పిట్ట పేరు ఎదురుగా "గార్డియన్‌తో వెళ్ళింది" అని రాసి ఉంది. నేను ఆ సాయంత్రమే పెద్ద పిల్లల్ని తీసుకుని కొండలెక్కే యాత్రకు వెళ్ళాను. తిరిగొచ్చాక చూశాను. దిగువదాకా వచ్చి చెల్లెల్ని చూడకుండా వెళ్ళిపోయావా అనిపించింది. నాకు ఒక్క రోజు ముందు తెలిసినా యాత్రకు ఇంకొకరిని పంపేదాన్ని. ఇద్దరం కలిసి కూర్చుని ఎన్నాళ్ళయింది?

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. చెల్లెలు కూడా అంతే కాబోలు.

పిట్ట బాగానే ఉంది. సెలవు ఎలా గడిచింది అని వరుసలో అందరినీ అడిగినట్టే అడిగాను. "బాగా గడిచింది మేడమ్" అంది.

చెల్లి


అక్టోబర్ 13

చెల్లీ,

దారి ఈరోజే తెరిచారు. నీ ఉత్తరం అందింది. ఇది రాసి డ్రైవరును ఆపి ఇస్తున్నాను.

నేను రాలేదు. ఎవరినీ పంపలేదు. నా సెప్టెంబర్ ఉత్తరం ఇప్పటికి నీకు అందే ఉంటుంది. చదువు.

గార్డియన్‌వి నువ్వు. ఆ మూడు రోజులూ నా కూతురు ఎక్కడుంది?

అక్క


అక్టోబర్ 19

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు అందాయి. మేట్రన్‌ను, వాచ్‌మన్‌ను, నర్సును విడివిడిగా అడిగాను. ఆఖరున పిట్టను అడిగాను. తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

పిట్ట నువ్వు రాసినట్టే సంచి సర్దుకుని ముందు హాల్లో బల్ల మీద కూర్చుంది. హాలు నిండా తల్లిదండ్రులు. మేట్రన్ దాన్ని చూసింది, దాని గార్డియన్ నేనని ఆమెకు తెలుసు, నేను ఆ భవనంలోనే ఉన్నాను. అందుకని "గార్డియన్‌తో" అని రాసి డార్మిటరీకి తాళం వేసింది. ఆమె తప్పు లేదు. తిరిగొచ్చాక ఆ గడి చదివిన నాకు ఆ గార్డియన్ నేనేనని తట్టలేదు. ఎన్నో ఏళ్ళుగా గార్డియన్ అంటే బయటినుంచి గేటు దాటి వచ్చే మనిషి నాకు.

నేను యాత్ర సామానుతో హాల్లోంచే వెళ్ళాను. దాని ముందే ఆగాను. "ఇంటికేనా? మంచిది" అన్నాను. "అవును మేడమ్" అంది. బస్సెక్కాను.

అంతా వెళ్ళిపోయాక వాచ్‌మన్ అడిగితే కడుపు నొప్పి అని చెప్పిందట. అతను సిక్ రూమ్‌లో అప్పగించాడు. అక్కడ గవదబిళ్ళలతో ఒక పెద్ద పిల్ల ఉంది, నర్సు ఉంది. తెర అవతల మంచం ఇచ్చారు. మూడు రోజులూ అక్కడే ఉంది. జ్వరం లేదు, నొప్పి లేదు. నర్సు మాటలు యథాతథంగా రాస్తున్నాను: "పేచీ అన్నది లేదండీ. దుప్పటి తనే మడత పెట్టుకునేది. ఇలాంటివాళ్ళు పదిమంది ఉన్నా నాకు బరువు కాదు."

కాబట్టి పిల్లకు ఏమీ కాలేదు. తిండి తింది, పడుకుంది, రెండు పుస్తకాలు చదివింది.

హాల్లో నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. ఇలా చెప్పింది: "నలుగురూ ఉన్నారు కదా. అందుకే మీరు అలా అన్నారనుకున్నాను. అందరూ వెళ్ళాక వచ్చి పిలుస్తారని కూర్చున్నాను."

బస్సు వెళ్ళిన చప్పుడు విన్నావా అని అడిగాను. విన్నానంది. మరి ఎవరితోనైనా చెప్పొచ్చు కదా అంటే, "మీ ఉద్యోగానికి ముప్పని అమ్మ చెప్పింది. మీరూ చెప్పారు" అంది. తప్పు ఒప్పజెప్పినట్టు కాదు, పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది.



చెల్లి


అక్టోబర్ 27

చెల్లీ,

నీ ఉత్తరం జేబులో పెట్టుకునే రెండు రోజులు పని చేశాను. నిన్న మధ్యాహ్నం పీడనం తప్పు పంపాను. పదేళ్ళలో మొదటిసారి. కిందినుంచి "తుఫానా?" అని అడిగారు.

ఎవరెవరి పిల్లలకో పాలిచ్చావు, జడలు వేశావు. కుక్క కోసం ఏడ్చిన పిల్లను కూర్చోబెట్టుకున్నావు. నా పిల్ల నీ తలుపు తట్టలేదని మెచ్చుకుంటూ రాశావు. అది చదివి నేను మురిసిపోయాను చూడు, దానికి ఎవరిని తిట్టను? తలుపు తట్టకుండా వస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు వస్తోందా అని ఒక్క ముక్క నిన్ను అడగలేదు.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని చిన్నప్పుడు మన పెద్దత్తయ్య గురించి ఆడిపోసుకునేవాళ్ళం. ఇప్పుడు ఇద్దరం కూడబలుక్కుని దానికి అదే చేశాం. నేను "నలుగురి ముందూ" అని చెప్పాను. నువ్వు "ఎప్పుడూ" అని విన్నావు. అదీ అంతే విన్నట్టుంది. నేను ఎలా చెప్పానో ఇప్పుడు నాకే సరిగ్గా గుర్తు లేదు.

దిగువ ఆఫీసుకు బదిలీ అడిగాను. అంకెలు తీసుకునే బల్ల దగ్గర ఉద్యోగం, పగటి పని, పక్కనే ఏడో తరగతి దాకా బడి. ఇస్తామన్నారు. ముసలాయన కట్టు విప్పారు, ఒక కన్నుతోనే అంతా చూసుకుంటానంటున్నాడు. నవంబర్ రెండో వారంలో వస్తున్నాను. పిట్టను తీసుకెళ్తాను. మీ ప్రిన్సిపాల్‌కు చెప్పి ఉంచు. ఆయన తల ఊపినా ఊపకపోయినా సరే.

అక్క


నవంబర్ 24

చెల్లీ,

క్షేమంగా చేరాను. గేటు దగ్గర మనిద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు. నీ గదిలో ముగ్గురం ఉన్నప్పుడూ అంతే. కుర్చీలు రెండే ఉంటే పిట్ట నిలబడే ఉంది, కూర్చోమంటే "ఫరవాలేదు" అంది. నీ మంచం ఖాళీగానే ఉంది. అటు వెళ్ళలేదు.

నువ్వు క్లాసుకు వెళ్ళాక అది నన్ను స్కూలంతా తిప్పింది. ఇది ఈతకొలను, లోతు ఇటు తక్కువ. ఇది లైబ్రరీ, ఈ వారం తాళాలు నా దగ్గరున్నాయి. టెలిస్కోపు పగలు చూపించకూడదు. చూడ్డానికి వచ్చినవాళ్ళకు చెప్పే తీరులో చెప్పింది. చక్కగా చెప్పింది. మధ్యలో ఒక చిన్న పిల్ల పరుగున వచ్చి ఏదో అడిగితే ఓపిగ్గా సమాధానం చెప్పి పంపింది. చివర్న నేను బదిలీ సంగతి చెప్పాను. రెండు గదుల ఇల్లు, రాత్రి పని ఉండదు, నువ్వూ నేనూ అన్నాను.

ఆలోచించి చెప్పింది. "వద్దమ్మా. ఇక్కడ అలవాటు చేసుకోవడానికి చాలా కష్టపడ్డాను. మళ్ళీ ఇంకోచోట మొదలుపెట్టలేను."

కోపంగా అని ఉంటే బతిమాలేదాన్ని. ఏడ్చి ఉంటే సంచి నేనే సర్దేదాన్ని. రెండూ కాదు.

మీ పరిచయ పుస్తకంలో ఆ మొదటి పేజీ మాటలన్నీ నిజమే. తన పని తను చేసుకుంటోంది. తన మాట తను చెప్పింది. తన కాళ్ళ మీద తను నిలబడే ఉంది. మీ ప్రిన్సిపాల్ ముందు కూర్చుంటే ఫిర్యాదు చేయడానికి నాకేమీ దొరకలేదు.

బదిలీ వద్దనలేదు. దిగువ ఇంట్లో చేరాను. పగటి పని కదా, రాత్రంతా నిద్రపోవచ్చు. మూడు గంటలకోసారి మెలకువ వస్తోంది.

అక్క


జనవరి 18

అక్కా,

ఇది నా కొత్త గదినుంచి. కొత్త ఏడాదితో హౌస్ బాధ్యత వదిలేశాను. పాఠాలు మాత్రం చెబుతున్నాను. ప్రిన్సిపాల్ కారణం అడిగాడు. సొంత పనులున్నాయన్నాను. "మీకా?" అన్నాడు. ఆయన అడిగిందాంట్లో తప్పు లేదు.

గేటు ఎదుటి వీధిలో, ఒక దర్జీ కొట్టు మీద ఈ గది. రోజంతా కుట్టు మిషను చప్పుడు, ఆదివారం ఒక్కరోజు నిశ్శబ్దం. దర్జీ భార్య మొదటి రోజే "ఒక్కరేనా?" అని అడిగింది. చెప్పాను. "మరి ఇంత మంచమెందుకు?" అంది.

ఆదివారాలు మధ్యాహ్నం నుంచి ఐదు గంటల దాకా పిల్లలు బంధువుల ఇళ్ళకు వెళ్ళొచ్చు. పిట్టను వరండాలో ఆపి, ఇది ఆవరణ బయట ఇల్లు, ఎప్పుడైనా రావచ్చు అని చెప్పాను. "సరే మేడమ్" అంది. మొదటి ఆదివారం రాలేదు. రెండో ఆదివారం కింద పక్క దుకాణం దాకా వచ్చి పెన్సిళ్ళు కొనుక్కుని వెళ్ళిపోయింది, పైనుంచి చూశాను. పిలవలేదు. ఏమని పిలవాలో తెలియలేదు, వీధిలో నలుగురూ ఉన్నారు అనుకున్నాను. చూడు, అలవాటు ఎంత పాడుదో.

ఈరోజు వచ్చింది. తలుపు తట్టింది. "లోపలికి రావచ్చా?" అంది. మేడమ్ అనలేదు, ఇంకేమీ కూడా అనలేదు. రమ్మన్నాను. కాసేపు కిటికీ దగ్గర నిలబడింది. స్కూల్లో ఎలా ఉంది అని నేను అడగలేదు. అది చెప్పలేదు. నేను పేపర్లు ముందేసుకున్నాను. ఒకసారి తలెత్తి చూస్తే మంచం అంచున కూర్చుని ఉంది. ఇంకోసారి చూసేసరికి పడుకుని ఉంది, బూట్లతోనే.

కొత్త బూట్లు, నువ్వు కొన్నవి. విప్పాను. లేవలేదు. పగటిపూట ఆ పిల్ల నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

అప్పటినుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇదిగో, స్కూలు గంట మోగింది. ఇక్కడికి బాగా వినపడుతుంది. ఐదు దాటితే ఆలస్యం మార్కు వేస్తారు. ఇన్ని నెలల్లో దాని పేరు మీద ఒక్కటీ లేదు. నేనా పదవిలో ఉన్నప్పుడు ఎవరికీ వదల్లేదు కూడా.

లేపడం లేదక్కా. అదే లేచాక నేను వెంట వెళ్తాను. కొత్త హౌస్ మేడమ్ నాలాంటిదే, నిబంధన అంటే నిబంధన. ఆలస్యం ఎందుకైంది, మీరు ఈ పిల్లకు ఏమవుతారు అని అడుగుతుంది. ఆదివారం సాయంత్రం ఆ హాలు నిండా జనం ఉంటారు. గేటు బయట ఆగకుండా లోపలికి వెళ్ళి, అక్కడే చెబుతాను.

చెల్లి